మళ్ళీ తిత్లీ లాంటిది వస్తే మా ఊరు నిలబడాలి. ఉన్న 4 లక్షలు ఎక్కడ పెట్టాలి?

అడిగినవారు: కవిటి కొబ్బరి

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో చిన్న ఊరు. పన్నెండేళ్లుగా హైదరాబాద్ బాలానగర్‌లో మెషిన్ ఆపరేటర్‌గా చేస్తున్నాను. ఊళ్లో అమ్మా నాన్నా ఉంటారు. ఎకరంన్నర కొబ్బరి, ఎకరం జీడి. అదే ఆస్తి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ముందు రోజు రాత్రికి మా తోటలో 94 కొబ్బరి చెట్లు ఉన్నాయి. తెల్లారాక నిలబడి ఉన్నవి 17. ఫోన్లు కలవలేదు. మూడో రోజు ఆమదాలవలసలో రైలు దిగి, దొరికిన బండి పట్టుకుని వెళ్లాను. మా వీధిలో నేల కనిపించలేదు. పడిన చెట్ల మీద ఎక్కుతూ దిగుతూ ఇంటికి చేరాను. నాన్న తోటలోనే ఉన్నారు. నన్ను చూసి "పెద్దకొడుకు పోయాడ్రా" అన్నారు. మా ఉద్దానంలో కొబ్బరి చెట్టుని అలాగే అంటాం. కన్నకొడుకు పెట్టినా పెట్టకపోయినా అది తిండి పెడుతుందని. కన్నకొడుకుని నేను ఎదురుగానే ఉన్నాను, అయినా ఆ మాటకి నొచ్చుకోలేదు. నిజమే కదా అనిపించింది.

2019 వానలకి 80 మొక్కలు నాటాం. ఈ ఏడాదే కొన్ని చెట్లకి మొదటి గెలలు వచ్చాయి. అప్పట్లో ప్రభుత్వ పరిహారం అందింది, కాదనను. అది పడిన చెట్లు కోయించి బయట వేయడానికి, గోతులకి, మొక్కలకి అయిపోయింది. ఇల్లు గడవడానికి నాన్న ఊళ్లో 60 వేలు అప్పు తెచ్చారు, నూటికి మూడు రూపాయల వడ్డీకి. నెలకి 1,800. నేను పంపే డబ్బులోంచే కడుతూ వచ్చారు, నాకు చెప్పలేదు. పోయిన సంక్రాంతికి తెలిసింది. ఏడేళ్లలో వడ్డీయే లక్షన్నర దాటింది, అసలు కదల్లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు నా చేతిలో 4 లక్షలు ఉన్నాయి. పక్కవాళ్ల తోటలో 20 సెంట్లు అమ్మకానికి వచ్చింది, బయానా ఇచ్చేద్దాం అంటారు నాన్న. నాతో చదువుకున్నవాళ్లం 12 మందిమి హైదరాబాద్‌లో, చెన్నైలో, విశాఖలో ఉన్నాం. తలా 50 వేలు వేసి మన ఊళ్లోనే పిక్క కొట్టి పప్పు తీసే జీడి బట్టీ పెడదాం, ఆడవాళ్లకి పని దొరుకుతుంది అంటున్నారు వాళ్లు. నా భార్య ముందు అప్పు తీర్చు అంటోంది.

నాది ఒక్క మా ఇంటి బాధ కాదు. తిత్లీ తర్వాత మా వీధిలో తొమ్మిది ఇళ్లకి తాళాలు పడ్డాయి. అందులో ఐదు ఇంకా తెరుచుకోలేదు. మళ్ళీ అలాంటి గాలి వస్తే మిగిలినవి కూడా మూతపడతాయని భయం. తోటలు చేసేవాళ్లు, సంఘాలు నడిపేవాళ్లు మీకు అనుభవంలో తెలిసింది చెప్పండి.


జవాబు: వజ్రపుకొత్తూరు జీడి రైతు

తమ్ముడూ, నువ్వు రాసింది చదివి మా ఇంటి సంగతే అనుకున్నాను. మాది రెండెకరాల జీడి, 70 సెంట్ల కొబ్బరి. తిత్లీకి మాకూ పోయాయి.

ఒక లెక్క వేసుకో. తిత్లీ రోజు నుంచి మీ ఇంట్లోకి మళ్ళీ పంట డబ్బు వచ్చిన రోజుకి మధ్య ఎన్ని నెలలు? మీ నాన్నగారు అప్పు చేసింది ఆ నెలల కోసమే. కొబ్బరి నెలా నెలన్నరకోసారి కోతకి వస్తుంది కాబట్టి మనకి అది జీతంలా అలవాటైపోయింది. ఆ జీతం ఒక్క రాత్రిలో ఆగిపోతే, మొక్క పెరిగి కాయ ఇచ్చేదాకా ఆరేడేళ్లు. అన్నేళ్లు తినడానికి ఏ ఇంటి దగ్గరా ఉండదు. అందుకే ఇళ్లకి తాళాలు పడ్డాయి.

ఇంకోటి గమనించు. ఫైలిన్ 2013 అక్టోబరు 12. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12. తిత్లీ 2018 అక్టోబరు 11. మూడూ దసరాకి అటూ ఇటూగా వచ్చినవే. అప్పటికి వరి పొట్ట మీదో ఈనిక మీదో ఉంటుంది, కోత నవంబరు, డిసెంబరు. జీడి పిక్క మార్చి నుంచి మే దాకా. అంటే అక్టోబరులో దెబ్బ తగిలితే మార్చి వరకు మన చేతికి వచ్చేది ఏమీ ఉండదు. జీడి చెట్టు కూడా పడిపోతే ఆ మార్చి కూడా లేదు.

ఆ ఏడాది సంక్రాంతికి మా ఇంట్లోకి వచ్చిన పంట డబ్బు ఒక్కటే, కంద. కొబ్బరి సందుల్లో 30 సెంట్లు వేశాను. గాలికి ఆకులన్నీ చీలికలైపోయాయి, కాడలు విరిగిపోయాయి. పోయిందనుకుని వదిలేశాను. జనవరిలో మా అమ్మ గునపం పట్టుకుని వెళ్లి ఒక పాదు తవ్వి చూసింది. గడ్డ ఉంది. ఎప్పుడూ ఉండేంత బరువు లేదు కానీ ఉంది. గాలి ఎంత పెద్దదైనా నేలలో ఉన్నదాన్ని పీకలేదు తమ్ముడూ. అప్పటి నుంచి ఏటా కంద, పసుపు వేస్తున్నాను. మే, జూన్‌లో వేస్తే జనవరి, ఫిబ్రవరికి తవ్వుకోవచ్చు. మనది నీరు నిలవని నేల కాబట్టి కుళ్లు తక్కువ. పల్లపు నేలలో మాత్రం ఈ మాట నమ్మి వేయవద్దు.

ఇక బట్టీ సంగతి. నేను కుర్రతనంలో కాశీబుగ్గలో నాలుగేళ్లు బట్టీలో పనిచేశాను, అందుకని కాస్త గట్టిగానే చెబుతాను. మన పిక్క వచ్చేది మూడు నెలలే. బట్టీ ఏడాదంతా నడవాలంటే ఆ మూడు నెలల్లోనే సరుకు కొని నిల్వ పెట్టాలి, లేకపోతే ఆఫ్రికా నుంచి వచ్చే పిక్క కొనాలి. పెద్ద బట్టీల వాళ్లు రెండూ చేస్తారు. మీ 12 మంది వేసేది 6 లక్షలు. 80 కేజీల బస్తా 12 వేలు అనుకుంటే 50 బస్తాలు. అదీ షెడ్డుకి, బాయిలరుకి, కోత మిషన్లకి పైసా ఖర్చు పెట్టకుండా. బస్తాకి 20 నుంచి 22 కేజీల పప్పు దిగుతుంది, అందులో గుండు పప్పు ఎంత, బద్ద ఎంత, నూక ఎంత అన్నదాని మీదే లాభమంతా. చేయి తిరగనివాళ్లు కొడితే నూక ఎక్కువ. 50 బస్తాలు ఎన్నాళ్లు వస్తాయి? పని దొరుకుతుందని వచ్చిన ఆడవాళ్లని నెల తిరక్కుండా ఇంటికి పంపాలి.

దానికి బదులు మేం ఐదు కుటుంబాలం చేసింది చెబుతాను. సొంత కాటా కొన్నాం. పెద్ద టార్పాలిన్ పరదాలు కొన్నాం. ఒక గది అద్దెకి తీసుకుని కింద చెక్కలు పరిచాం. అంతకుముందు ఒక వ్యాపారి దగ్గర అడ్వాన్స్ తీసుకునేవాళ్లం. అడ్వాన్స్ తీసుకున్నాక ధర ఆయనదే, తూకం ఆయనదే. తరుగు పేరుతో బస్తాకి మూడు కేజీలు పోయేవి. సొంత కాటా వచ్చిన మొదటి రోజు మా అమ్మ తూకం చూసి ఏడ్చింది, ఇన్నేళ్లు ఎంత పోయిందో అని.

పిక్కని మూడు రోజులు బాగా ఎండబెట్టాలి, గుప్పెట్లో ఆడిస్తే గలగలమనాలి. కోసినదాంట్లో మూడో వంతు వెంటనే అమ్మేస్తాం, ఇంటి ఖర్చులకి. మిగిలింది వానలు పడేదాకా ఆపుతాం. ఒక్క ఏడాది ఎదురు తిరిగింది. దాచినందుకు బస్తాకి 700 తక్కువ వచ్చింది. అందుకే అంతా దాచవద్దు అంటున్నాను.

20 సెంట్లు కొనడం మీద నా మాట వద్దనే. అక్కడా కొబ్బరే, అదే గాలి.


జవాబు: బొబ్బిలి లైన్‌మన్

నేను కరెంటు డిపార్టుమెంటులో. తిత్లీకి మమ్మల్ని పలాస, మందస వైపు డ్యూటీకి వేశారు. రాత్రీ పగలూ స్తంభాలు ఎత్తాం. అక్కడ చూసింది ఒక్కటే చెబుతాను.

దారి తెరుచుకున్న ఊరికే ముందు వెళ్లగలిగాం. చెట్లు కోసే మిషన్ ఎవరి దగ్గరైనా ఉన్న ఊళ్లో కుర్రాళ్లు మా బండి వచ్చేలోపే రోడ్డు తెరిచి పెట్టేవారు. మిషన్ లేని ఊళ్లో కత్తులతో, గొడ్డళ్లతో కొడుతూ ఉండేవారు, కొబ్బరి మొద్దు గొడ్డలికి లొంగదు. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే ట్యాంకులో నీళ్లు లేవు. జనరేటర్ అద్దెకి తెచ్చి ట్యాంకు నింపుకున్న ఊళ్లు చూశాను. అద్దె ఆ వారం ఎంత అడిగితే అంత.

మీరు 12 మంది ఉన్నారు కదా. రెండు కోత మిషన్లు, ట్యాంకు మోటారుని లాగగలిగే ఒక జనరేటర్ కొని ఊళ్లో పెట్టండి. తుపాను లేని రోజుల్లో పెళ్లిళ్లకి, తోట పనులకి అద్దెకి ఇవ్వండి. నెలకోసారి స్టార్ట్ చేసి చూడాలి, ఇది మర్చిపోవద్దు. మూలన పడేసిన మిషన్ అవసరానికి పనిచేయదు.


జవాబు: వెరావల్ తమ్ముడు

అన్నా, నేను ఒక్క మాట. నువ్వు ఉద్యోగం మానేసి ఊరికి వెళ్లిపోదామని అనుకుంటున్నావేమో, రాయలేదు కానీ రాతలో కనిపిస్తోంది. తొందరపడొద్దు.

మాది సంతబొమ్మాళి వైపు తీరంలో ఊరు. మా ఇంట్లో అందరూ వేటకే. మా అన్న గుజరాత్ వెరావల్ బోట్ల మీద చేస్తాడు, నేను చెన్నైలో. తిత్లీ తర్వాత మా ఇంటి పైకప్పు వేసింది, వల కొన్నది అన్న పంపిన డబ్బుతోనే. తుపాను తగలని చోట సంపాదించే మనిషి ఒకడు ఉండడమే ఆ ఏడాది మమ్మల్ని కాపాడింది.

అలాగని అన్నీ వలస మీదే పెట్టకూడదు. 2018 నవంబరులో, తిత్లీ వచ్చిన మరుసటి నెలే, వెరావల్ నుంచి వేటకి వెళ్లిన మన జిల్లాల వాళ్లు సరిహద్దు దాటారని పాకిస్తాన్ వాళ్లు పట్టుకున్నారు. 2020 జనవరి దాకా అక్కడ జైల్లోనే. ఆ ఇళ్లల్లో పొయ్యి ఎలా వెలిగిందో మాకు తెలుసు. ఇంటికి ఒక్కడి సంపాదనే దిక్కైతే అదీ మీ కొబ్బరి లాంటిదే.


మళ్ళీ: కవిటి కొబ్బరి

వజ్రపుకొత్తూరు అన్నా, చాలా థాంక్స్. నాన్నకి ఫోన్ చేసి మీరు రాసింది మొత్తం చదివి వినిపించాను. బట్టీ లెక్క విని ఏమీ అనలేదు. కంద మాటకి మాత్రం "సందుల్లో తవ్వితే కొబ్బరి వేరు తెగిపోద్ది, మళ్ళీ నా చెట్లు ఎండిపోతే?" అన్నారు. ఏడేళ్లు బిడ్డల్లా పెంచిన చెట్లు, ఆయన భయం నాకు అర్థమవుతుంది. దీనికి ఏం చెప్పమంటారు?

వెరావల్ తమ్ముడూ, నువ్వు సరిగ్గానే కనిపెట్టావు. మానేద్దామనే అనుకున్నాను.


జవాబు: వజ్రపుకొత్తూరు జీడి రైతు

మొదలు చుట్టూ ఆరడుగులు వదిలేయమను. ఎరువు వేసేది, నీళ్లు కట్టేది అక్కడే, ఆ మేర ముట్టుకోకూడదు. మీది ఎనిమిది మీటర్ల ఎడంలో నాటి ఉంటే మధ్యలో బోలెడు చోటు ఉంటుంది. పైగా కందకి వేసిన పశువుల గెత్తం, పెట్టిన తడి కొబ్బరికీ అందుతుంది. నా చెట్లకి కాపు తగ్గలేదు. మీ నాన్నగారిని ఒకసారి మా తోటకి పంపు, ఆయన కళ్లతో చూస్తారు. మనం ఫోన్‌లో ఎన్ని చెప్పినా పెద్దవాళ్లు చెట్టుని చూస్తేనే నమ్ముతారు.


జవాబు: గంట్యాడ డ్వాక్రా అక్క

బాబూ, నేను విజయనగరం జిల్లా గంట్యాడ మండలం నుంచి. పదిహేనేళ్లుగా డ్వాక్రా సంఘం లీడర్‌ని. నీ భార్య చెప్పిన మాటే ముందు చెయ్యి. నెలకి 1,800 వడ్డీ అంటే ఏడాదికి 21,600. నీ డబ్బు ఎక్కడ పెట్టినా 60 వేల మీద ఏడాదికి 21,600 తెచ్చే వ్యాపారం లేదు. ఆ అప్పు తీర్చడం కంటే లాభం ఇంకెక్కడా రాదు.

హుద్‌హుద్ అప్పుడు మా సంఘంలో ఏం జరిగిందో చెబుతాను. 2014లో. మా పది మందిలో నలుగురికి అరటి తోటలు, గెలలతో సహా అన్నీ నేలకి ఒరిగిపోయాయి. ఇద్దరికి ఇంటి రేకులు లేచిపోయాయి. సంఘం పొదుపు బ్యాంకులో ఉంది, కానీ కరెంటు లేదు, బ్యాంకు తెరిచినా డబ్బు తీయాలంటే తీర్మానం రాయాలి, సంతకాలు పెట్టాలి, తిరగాలి. మేకలు ఉన్నవాళ్లు ఒక మేకని అమ్ముకుని గట్టెక్కారు. ఒకామె మాత్రం ఎవరికీ చెప్పకుండా బయట వడ్డీకి తెచ్చింది. ఆమె నాకు వరసకి వదిన. తర్వాత రెండేళ్లకి ఆ వడ్డీ కట్టలేక అర ఎకరం అమ్మేసింది. నా సంఘంలో ఉన్న మనిషి, వారం వారం నా పక్కన కూర్చునే మనిషి, నాకు చెప్పుకోలేకపోయింది. ఆ సంగతి ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అప్పుడు ఒక నిర్ణయం తీసుకున్నాం. మామూలు పొదుపు కాకుండా తలా నెలకి 50 రూపాయలు విడిగా వేస్తున్నాం. దానికి ఆపద డబ్బు అని పేరు పెట్టుకున్నాం. వేరే పుస్తకం, వేరే డబ్బా. కొంత చేతిలో ఉంచుతాం, మిగిలింది పోస్టాఫీసులో. ఎవరికైనా ఆపద వస్తే రాత్రైనా ఇస్తాం. మూడు నెలలు వడ్డీ లేదు. ఎందుకు అని అందరి ముందూ అడగకూడదు, లీడర్‌కి చెబితే చాలు. ఈ చివరి షరతు నేను పట్టుబట్టి రాయించాను. పరువుకి భయపడే కదా వదిన బయటికి వెళ్లింది.

పది మంది, 50 రూపాయలు, నెలకి 500, ఏడాదికి 6 వేలు. పదేళ్లు వేస్తే 60 వేలు. మీ నాన్నగారికి ఆ రోజు కావలసివచ్చింది కూడా 60 వేలే కదా బాబూ.

గొడవలు రాలేదని చెప్పను. ఒకామె 5 వేలు తీసుకుని ఏడాదిన్నర తిప్పింది. ఇంకెవరికీ ఇవ్వం అని కొందరు మూసేయబోయారు. కూర్చుని మాట్లాడుకుని నెలకి 300 చొప్పున కట్టించాం. డబ్బా మూసేయలేదు.

ఇంకొక సంగతి. ప్రకృతి వ్యవసాయం వాళ్లు మా దగ్గర ఏటీఎం మోడల్ అని చెప్పారు, 20 సెంట్లలో పడకలు చేసి రకరకాల కూరగాయలు, ఆకుకూరలు, దుంపలు కలిపి వేయడం. ఎప్పుడు వెళ్లినా ఏదో ఒకటి కోసుకుని అమ్ముకోవచ్చని ఆ పేరు. నేను వేశాను. పెద్ద డబ్బు రాదు. కానీ వారానికి ఇంటి కూర, కొంచెం చేతి ఖర్చు వస్తుంది. తుపానుకి పాడైనా తోటకూర 25, 30 రోజుల్లో మళ్ళీ కోతకి వస్తుంది. చెట్టుకి ఏడేళ్లు, తోటకూరకి నెల. ఈ రెండింటి మధ్యలో కోళ్లు, మేకలు, కంద, జీడి అన్నీ పెట్టుకుంటే ఇల్లు మొత్తం ఒకేసారి కూలిపోదు. మీ అమ్మగారు ఓపికగా ఉంటే ఐదు సెంట్లతో మొదలు పెట్టమను. మీ అమ్మగారు సంఘంలో ఉన్నారా లేదా? అది రాయలేదు నువ్వు.


జవాబు: శ్రీకాకుళం రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి

అందరూ మంచి విషయాలు చెప్పారు. కాగితాల సంగతి నేను చెబుతాను.

ప్రైవేటు అప్పు తీర్చినప్పుడు ప్రోనోటు వెనక్కి తీసుకోండి, చెల్లు రాయించుకోండి. నాన్నగారు తోటలో పనిచేస్తారు కాబట్టి ఆయన ఖాతాలో ప్రధానమంత్రి సురక్ష బీమా ఉందో లేదో చూడండి. ఏడాదికి 20 రూపాయలు, 70 ఏళ్ల వరకు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. మీకు 50 లోపే కాబట్టి జీవన్ జ్యోతి కూడా తీసుకోండి, ఏడాదికి 436, ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు. ఈ డబ్బు మే నెలాఖరులో ఖాతా నుంచి కట్ అవుతుంది. ఆ సమయానికి బ్యాలెన్స్ లేక బీమా ఆగిపోయిన కుటుంబాలని నా సర్వీసులో చాలా చూశాను. భర్త పోయి ఆవిడ పాస్‌బుక్ పట్టుకుని వస్తే, ఖాతాలో 20 రూపాయలు లేక బీమా లేదని చెప్పడం చాలా కష్టంగా ఉండేది.

పంట పెట్టుబడికి వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లకండి. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల వరకు 7 శాతం, గడువులో కడితే 4 శాతమే పడుతుంది. నూటికి మూడు రూపాయలు అంటే ఏడాదికి 36 శాతం. కౌలుదారు కాకుండా సొంత భూమి ఉండి కూడా 36 శాతానికి వెళ్లడం, గడువు దాటించి 7 కట్టడం, రెండూ మన దగ్గర చాలా మంది చేస్తున్నారు.

కొబ్బరి చెట్లకి బీమా పథకం 2009-10లో కొబ్బరి అభివృద్ధి బోర్డు మొదలుపెట్టింది. అందులో చెట్టుకి కట్టేది కొద్ది రూపాయలే, సగం బోర్డు, పావు రాష్ట్రం, పావు రైతు భరించేలా పెట్టారు. 15 ఏళ్ల లోపు చెట్టుకి 900, పైబడిన దానికి 1,750 బీమా మొత్తం. దశాబ్దాల పాటు కాసే చెట్టుకి అది ఏ మూలకీ రాదు. కానీ ఆ మొదటి నెల బియ్యానికి, చెట్ల కోతకి పనికొస్తుంది. దాన్ని అంతవరకే నమ్ముకోండి. ఉద్యానశాఖ వాళ్లని అడిగి మీ మండలంలో ఇప్పుడు ఏది నడుస్తోందో కనుక్కోండి.

మీ స్నేహితులు రైతు ఉత్పత్తిదారుల సంఘం పేరుతో కంపెనీ పెడదాం అంటారు తర్వాత. 2020లో కేంద్రం తెచ్చిన పథకంలో మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది రైతులు ఉండాలని పెట్టారు. 12 మంది ఆ పని మీద వేసుకోకండి. దగ్గరలో ఉన్నదాంట్లో మీ నాన్నగారిని సభ్యుడిగా చేర్పించండి చాలు.


జవాబు: కంచిలి చెల్లెలు

తుపాను ఎప్పుడో ఒకసారి వస్తుంది అన్నయ్యా. మన ఉద్దానంలో ఇళ్లని కూల్చేది కిడ్నీ జబ్బు. మా నాన్నకి తెలిసేసరికే ముదిరిపోయింది. విశాఖ తీసుకెళ్లడం, తీసుకురావడం, మందులు, తోడుగా వెళ్లినవాళ్ల కూలి పోవడం. మా 40 సెంట్ల జీడి తోట తుపానుకి పోలేదు, ఆసుపత్రి ప్రయాణాలకి పోయింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచాక మా వీధిలో వాళ్లకి ఆ ప్రయాణం తగ్గింది. మా నాన్న అప్పటికే లేరు.

అమ్మకీ నాన్నకీ క్రియాటినిన్ పరీక్ష చేయించు, కిడ్నీ ఎలా ఉందో అందులో తెలుస్తుంది. ఏడాదికి ఒకసారి. లక్షలు ఎక్కడ పెట్టాలి అనే ముందు ఆ పని చెయ్యి. కోపంగా రాశాననుకోకు.


మళ్ళీ: కవిటి కొబ్బరి

ఆలస్యంగా రాస్తున్నాను. సెలవు పెట్టి ఊరికి వెళ్లి వచ్చాను.

చెల్లీ, నీ మాట ముందు. అమ్మకీ నాన్నకీ పరీక్ష చేయించాను. నాన్నకి బాగానే ఉంది. అమ్మకి కొంచెం ఎక్కువ చూపించింది. నొప్పి మాత్రలు మానేయాలి, మూడు నెలలకి మళ్ళీ రావాలి అన్నారు డాక్టర్. మోకాళ్లకి అమ్మ ఏళ్లుగా ఆ మాత్రలు వేసుకుంటోంది. నువ్వు రాయకపోతే ఇది మాకు తెలిసేది కాదు.

60 వేలు తీర్చేశాం. ప్రోనోటు తీసుకుని నాన్న చేతిలో పెట్టాను. ఆయన దాన్ని చించలేదు, మడతపెట్టి పెట్టెలో దాచుకున్నారు. ఎందుకు అని అడగలేదు నేను.

20 సెంట్లు కొనడం లేదు. ఆ మాట ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది. లక్ష రూపాయలు అమ్మ పేరు మీద పోస్టాఫీసులో వేశాను, తుపానుకో ఆసుపత్రికో తప్ప ముట్టుకోకూడదని ముగ్గురం అనుకున్నాం. గంట్యాడ అక్కా, అమ్మ సంఘంలోనే ఉంది. ఆపద డబ్బు సంగతి చెబితే వాళ్ల లీడర్ మీ షరతులు రాసిమ్మంది. మీరు రాసింది అలాగే కాగితం మీద దించి ఇచ్చాను.

12 మందిలో నలుగురు బట్టీ కాకపోతే మేం రాం అని తప్పుకున్నారు. బాధగానే ఉంది, చిన్నప్పటి నుంచి కలిసి తిరిగినవాళ్లం. మిగిలిన ఎనిమిది మందిమి కలిసి ఒక కాటా, పరదాలు, చెట్లు కోసే మిషన్లు రెండు కొంటున్నాం. జనరేటర్‌కి డబ్బు సరిపోలేదు, వచ్చే ఏడాది చూస్తాం. మిషన్ నెలకోసారి స్టార్ట్ చేసే పని రోడ్డు మొదట్లో సైకిల్ షాపు తమ్ముడికి అప్పగించాం. నేను ఉద్యోగం మానడం లేదు.

వజ్రపుకొత్తూరు అన్నా, నాన్న మీ తోట చూస్తానన్నారు. ఆయనే అడిగారు, విత్తనం కంద ఎక్కడ దొరుకుతుందని. 20 సెంట్లకి ఎన్ని కేజీలు పడుతుంది?


జవాబు: వజ్రపుకొత్తూరు జీడి రైతు

ఖాళీ నేలలో అయితే 20 సెంట్లకి నాలుగైదు వందల కేజీలు పడుతుంది, ముక్క అరకేజీ చొప్పున. కొబ్బరి మొదళ్ల దగ్గర వదిలేస్తారు కాబట్టి మీకు తగ్గుతుంది. మొదటి ఏడాది 20 వద్దు, పది సెంట్లు చాలు. విత్తనానికే ఖర్చంతా. పండిన దాంట్లోంచి మరుసటి ఏడాదికి విత్తనం తీసి పెట్టుకుంటే తర్వాత 20 వేసుకోవచ్చు.

మేం ఫిబ్రవరిలో తవ్వుతాం. మీ నాన్నగారిని అప్పుడు పంపు, గడ్డలు ఆయనే ఏరుకుంటారు, నా దగ్గరే ఇస్తాను. గోనె సంచులు తెచ్చుకోమను. మచ్చ ఉన్నవి, మెత్తబడినవి తీసుకోవద్దని చెప్పు. ఇంటికి తీసుకెళ్లాక నీడలో, గాలి తగిలే చోట పరిచి ఉంచాలి, మే దాకా నీళ్లు తగలకూడదు.